రెండు నల్ల డబ్బాలు, ఒక స్పాంజి ముక్క

ప్రెసిషన్ బేస్ గిటార్‌ను మొదటిసారి దగ్గరగా చూసేవాళ్లకు దాని నడుమన ఒక వింత కనిపిస్తుంది. తీగల కింద ఉండే నల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి కాదు, రెండు ముక్కలు. పైగా అవి ఒకే వరసలో ఉండవు. లావు తీగలు రెండింటి కిందా ఉన్న ముక్క మెడవైపు జరిగి ఉంటుంది, సన్నతీగల కిందది అటు చివర తీగలు ఆనే బ్రిడ్జి వైపు జరిగి ఉంటుంది. ఎవరో కొలత తప్పి కోసి, తర్వాత సర్దుకున్నారా అనిపిస్తుంది. కానీ ఆ మెలికలోనే ఉంది పనితనమంతా. 1957లో కాలిఫోర్నియా రాష్ట్రం ఫుల్లర్టన్ పట్టణంలోని ఫెండర్ కంపెనీ ఈ డబ్బాల జంటను, అంటే ఆ పికప్‌ను తెచ్చింది. లక్షలు పోసి కొనే పాత వాద్యంలోనూ, కుర్రాళ్లు నేర్చుకోవడానికి కొనే చవక నకలులోనూ ఇప్పటికీ అదే ఆకారం, దాదాపు అదే చోటు.

లోపల ఉన్నది చాలా తక్కువ సరంజామా. ఒక్కో డబ్బాలో నాలుగు అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్టలో కరెంటు పుడుతుంది, అదే కేబుల్ గుండా బయటికి వస్తుంది. ఇంతవరకూ ఏ ఎలక్ట్రిక్ గిటార్ అయినా ఒకటే. చిక్కేమిటంటే, ఆ రాగి చుట్ట తీగ కంపాన్నే కాదు, గదిలోని వైరింగ్ నుంచి, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వచ్చే గుయ్యిమనే హమ్‌ను కూడా పట్టేస్తుంది. దానికే ఈ రెండు ముక్కలు. ఒకదానిలో అయస్కాంతం ఉత్తర ధ్రువం పైకి ఉంటే రెండోదానిలో దక్షిణ ధ్రువం పైకి. చుట్టిన దిశ కూడా ఒకదానికొకటి ఎదురు. బయటి హమ్ రెండు చుట్టల్లోకీ ఒకేలా చేరుతుంది, చుట్టలు ఎదురెదురు గనుక వాటిలో పుట్టే హమ్ సంకేతాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. తీగ నాదానికి మాత్రం ఆ గతి పట్టదు, ఎందుకంటే ఏ తీగ అయినా ఒక్క ముక్క మీదుగానే పోతుంది. దాన్ని కొట్టివేసే ఎదురు సంకేతం రెండో ముక్కలో పుట్టదు.

మన ఇళ్లలో వాయించేవాళ్లకు ఇది ఇంకాస్త పట్టే విషయం. మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్ మీద అన్నిటికన్నా లావైన ‘ఇ’ తీగను మూడో ఫ్రెట్, అంటే మెడ మీది మూడో మెట్టు, దగ్గర నొక్కితే వచ్చే ‘జి’ స్వరం 49 హెర్ట్జ్. అంటే గోడలోని హమ్, వేళ్ల కింది స్వరం దాదాపు ఒకేచోట నిలబడతాయి. మామూలు గిటార్‌లో హమ్ వాద్యం అడుగున, దూరంగా ఉంటుంది. బేస్‌లో అది వాద్యం నట్టింట్లో ఉంటుంది. దాన్ని పుట్టినచోటే తుడిచిపెట్టే ఉపాయం ఇంత చిన్న వస్తువులో ఇమిడి ఉందంటే నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

ఇంకొక సంగతి కంటిని తీగల మట్టానికి దించి చూస్తేనే తెలుస్తుంది. 1951 నాటి మొదటి నమూనాలో తీగకు ఒక కడ్డీ చొప్పున, సరిగ్గా తీగ కిందే ఉండేది. 1957 పికప్‌లో తీగకు రెండు కడ్డీలు. తీగ ఏ కడ్డీ మీదా ఉండదు, రెండింటి మధ్య సందు మీద ఉంటుంది. మీటినప్పుడు అటు ఊగితే ఒక కడ్డీకి చేరువై రెండోదానికి దూరమవుతుంది, ఇటు ఊగితే తిరగబడుతుంది. దానివల్ల మీటిన తొలి దెబ్బలోని పదును కాస్త మెత్తబడి, ఆ వెంటనే వచ్చే బరువైన నాదం ముందుకొస్తుంది. బేస్‌కు కావలసింది సరిగ్గా ఆ బరువే.

దీన్ని చేసిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే దుకాణం నుంచి వచ్చిన మనిషి. గిటార్ వాయించడం ఆయనకు రాదు. చేసిన వస్తువును వాయించేవాళ్ల చేతికిచ్చి, వాళ్లు చెప్పింది విని మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లడం ఆయన పద్ధతి. అప్పటిదాకా బ్యాండ్లలో కింది స్వరాలు వాయించేది డబుల్ బేస్. మనిషిని మించిన ఎత్తు, ట్రంపెట్లూ డ్రమ్ముల మధ్య వినపడని గొంతు, ఊరూరా మోసుకెళ్లడం నరకం, ఫ్రెట్లు లేవు గనుక శ్రుతి అంతా చెవి మీద, ఏళ్ల సాధన మీద ఆధారం. సియాటిల్‌లో పాల్ టుట్మార్క్ అనే ఆయన 1930లలోనే ఫ్రెట్లున్న ఎలక్ట్రిక్ బేస్ ఒకటి చేశారు. అది నిలవలేదు. 1951లో ఫెండర్ తెచ్చినది నిలిచింది.

నిలవడానికి ఒక కారణం దాని కొలత. మెడ పైనున్న నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు 34 అంగుళాలు. ఫెండర్ గిటార్‌లో అది 25.5. డబుల్ బేస్‌లో 40 దాటుతుంది. లావు తీగ సెకనుకు 41 సార్లు కంపించాలంటే పొడవన్నా ఉండాలి, బరువన్నా ఉండాలి. పొడవు మరీ తగ్గిస్తే తీగ వదులై పట్టు పోతుంది, మరీ పెంచితే మొదటి ఫ్రెట్లు చేతికి అందవు. ఎలక్ట్రిక్ బేస్‌కు ఇప్పటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ప్రమాణం ఆ 34 అంగుళాలే.

ఫ్రెట్ల మధ్య దూరమూ లెక్క ప్రకారమే నడుస్తుంది. మిగిలిన తీగ పొడవును ప్రతిసారీ 17.817తో భాగిస్తూ పోవాలి. మొదటి ఫ్రెట్ నట్ నుంచి 1.9 అంగుళాల దూరాన పడుతుంది, పన్నెండోది సరిగ్గా సగాన, 17 అంగుళాల దగ్గర. మన వీణ మీద మెట్లను మైనంలో నిలబెడతారు. శ్రుతి జారితే మైనం కరిగించి మళ్లీ మేళం కట్టవచ్చు, తీగను పక్కకు లాగి గమకం పలికించేంత ఎత్తూ ఉంటుంది. బేస్‌లో ఫ్రెట్‌ను చెక్కలో కోసిన గాడిలోకి సుత్తితో దిగ్గొడతారు. ఇక అది కదలదు. ఎక్కడ నొక్కితే ఏ స్వరమో ఫ్యాక్టరీలోనే తేలిపోయింది. అలాంటప్పుడు వాయించేవాడి చేతికి మిగిలిన పనేమిటి?

స్వరం ఎప్పుడు మొదలవ్వాలి, ఎప్పుడు ఆగాలి అన్నది మిగిలింది. నన్నడిగితే ఆగడమే ముఖ్యం. బేస్ అందంలో సగం పైగా స్వరాన్ని ఎంతసేపు ఉంచి ఎక్కడ తుంచారన్న దానిలోనే ఉంది. తయారుచేసినవాళ్లకూ ఈ సంగతి తెలుసు. ఆ రోజుల్లో ఈ వాద్యం రెండు మెరిసే క్రోమ్ మూతలతో వచ్చేది, ఒకటి పికప్ మీద, ఒకటి బ్రిడ్జి మీద. బ్రిడ్జి మూతను తిరగేసి చూస్తే లోపల స్పాంజి ముక్క అంటించి ఉంటుంది. మూత పెట్టగానే అది తీగలను చివర్లో ఒత్తుతుంది. లేకపోతే ఉక్కు తీగ చాలాసేపు మోగుతూనే ఉంటుంది. స్పాంజి ఉంటే తడి మట్టి మీద కొబ్బరికాయ పడ్డట్టు దబ్బున పలికి, అక్కడికక్కడే అణుగుతుంది. డబుల్ బేస్‌ను వేలితో మీటితే వచ్చే స్వరానికి ఇది దగ్గర. తర్వాత్తర్వాత చాలామంది చేతికి అడ్డమని ఆ మూతలు పీకేశారు.

పీకకుండా ఉంచుకున్నవారిలో జేమ్స్ జేమర్సన్ ఒకరు. ఆయన గురించి నింపాదిగా చెప్పుకోవాలి. ఈ వాద్యంతో ఏం చేయవచ్చో చూపినవారిలో ఆయనే మొదట నిలుస్తారని నా నమ్మకం.

జేమర్సన్ 1936లో అమెరికాలోని దక్షిణ కరోలినాలో పుట్టారు. కుర్రతనంలోనే డెట్రాయిట్ చేరి, అక్కడి హైస్కూల్లో డబుల్ బేస్ పట్టారు. జాజ్ క్లబ్బుల్లో వాయిస్తూ మోటౌన్ రికార్డు కంపెనీలోకి వచ్చారు. వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లో మామూలు ఇల్లులా కనిపించే ఆ కంపెనీ భవనంలో స్టూడియో ఎ ఉండేది. వాద్యబృందం దాన్ని పాముల గుంట అని పిలుచుకునేది, పైనుంచి వేలాడే కేబుళ్ల వల్ల. 1960లలో ప్రపంచమంతా ఎగిరి గంతేసిన పాటల్లో ఎన్నో ఆ గదిలో పుట్టినవే. ‘మై గర్ల్’ మొదట్లో గిటార్ కన్నా ముందు వినిపించే ఆ రెండు మూడు స్వరాలు ఆయనవే. ‘బెర్నడెట్’ ఆయనదే, మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆయనదే. అయినా అన్నేళ్లపాటు రికార్డుల అట్టల మీద వాద్యకారుల పేర్లు వేయలేదు. 1971లో ఆ మార్విన్ గే ఆల్బమ్ వచ్చినప్పుడు గానీ ఆయన పేరు అచ్చులో కనపడలేదు. బయటివాళ్లకు ఆయన ఎవరో తెలియకుండానే ఆయన వాయించినది కోట్లమంది గుండెల్లోకి వెళ్లిపోయింది.

ఆయన వాద్యం 1962 నాటి ప్రెసిషన్ బేస్. దాన్ని ఫంక్ మెషీన్ అనేవారు. దాని అమరిక వింటే ఇప్పటి దుకాణదారు తల అడ్డంగా ఊపుతాడు. తీగలు ఫ్రెట్ల నుంచి బాగా ఎత్తులో ఉండేవి. లా బెల్లా కంపెనీ ఫ్లాట్‌వౌండ్ తీగలు, వాటిలోనూ బాగా లావువి. మామూలు తీగకు పైచుట్టు గుండ్రటి తీగతో ఉంటుంది, వేలికి గరుగ్గా తగులుతుంది, మెరుపున్న శబ్దం వస్తుంది. ఫ్లాట్‌వౌండ్‌కు పైచుట్టు బల్లపరుపు రిబ్బన్. నున్నగా ఉంటుంది, వేలు జారినా కీచుమనదు, పై స్వరాల మెరుపు ఉండదు. తెగితే తప్ప ఆయన తీగలు మార్చేవారు కాదు. పాతబడేకొద్దీ తీగ ఇంకా మందంగా పలుకుతుంది, ఆయనకు కావలసిందీ అదే. పైన మూత, దాని కింద స్పాంజి. ఎత్తైన లావు తీగలను నొక్కాలంటే చేతిలో డబుల్ బేస్ మీద పెరిగిన బలం ఉండాలి. ఇతరులకు ఆ వాద్యం ఒక పట్టాన లొంగేది కాదు.

మరి కుడిచేతిలో ఏమున్నట్టు? ఒక్క చూపుడువేలు. ఈనాడు బేస్ నేర్పేవాళ్లంతా చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి మీటమంటారు. జేమర్సన్ పదహారో వంతు స్వరాలను కూడా ఒక్క వేలితో లాగేవారు. ఆ వేలిని తోటివాళ్లు ‘ది హుక్’ అన్నారు, కొక్కెం. ఒకే వేలు కావడం వల్ల ప్రతి దెబ్బకీ ఒకే బరువు, ఒకే రంగు. పైతీగ నుంచి కిందితీగకు దిగేటప్పుడు అదే వేలు కొనసాగింపుగా రాలుతుంది, అందులో చిన్న ఊపు పుడుతుంది. ఖాళీ తీగలను ఆయన ఏ శ్రుతిలోనైనా దారిలో తొక్కుతూ పోతారు. ఖాళీ తీగ మోగేలోపు ఎడమచెయ్యి కొత్త చోటికి మారిపోతుంది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని గొంతును పక్కనపెట్టి ఆయన వాయించినదాన్ని మాత్రం పట్టుకోండి. స్వరాలు చాలానే ఉంటాయి, ఒక్కటీ ఇంకొకదాని మీద పడదు. స్పాంజి వల్ల ప్రతి స్వరానికీ అంచు ఉంది. అంత దట్టంగా అల్లినా గాయకుడికి చోటు మిగలడానికి అదే కారణం. మోగుతూ ఉండే తీగలతో అదే వరస వాయిస్తే బురద అవుతుంది. నేను చూశాను, నా వాద్యం మీద బ్రిడ్జి దగ్గర స్పాంజి ముక్క దూర్చి ఒకసారి, తీసేసి ఒకసారి ఆ వరసలే వాయించి వింటే ఇట్టే తెలిసిపోతుంది. ఆయన ప్రతిభకూ ఆ అర అంగుళం స్పాంజికీ మధ్య ఒప్పందం ఏదో ఉందనిపిస్తుంది.

మన చెవులకూ ఈ విద్య పాతదే, పేరు తెలియకపోవచ్చు. 1989 నాటి ‘గీతాంజలి’ పాటలను ఒకసారి అడుగునుంచి వినండి. ఇళయరాజా బేస్‌ను తాళం వేసే పనికి కట్టిపడేయరు. పైన పాట ఒక దారిన పోతుంటే కింద బేస్ తన పాట తాను పాడుకుంటూ ఎదురొస్తుంది. మన ఇళ్లలోని చిన్న టేప్‌రికార్డర్లలో అదంతా సగమే వినపడేది. ఇప్పుడు మంచి హెడ్‌ఫోన్లలో విని అవాక్కయ్యే వయసువాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలోంచే బేస్ కొందామని బయల్దేరేవాళ్లూ తయారవుతున్నారు.

కొనేవాళ్లకు నా మాట సూటిగానే చెబుతాను. మొదటి వాద్యానికి అమెరికాలో చేసినదే కావాలని పట్టుబట్టక్కర్లేదు. ఫెండర్ వాళ్లదే చవక శ్రేణి స్క్వయర్ ఉంది, యమహా, ఐబనీజ్, కోర్ట్ ఉన్నాయి. పికప్ ఎంత సాదాసీదాదో చూశారు కదా, దాన్ని చవగ్గా చేసినా పెద్దగా చెడగొట్టలేరు. చెడగొట్టేది మెడ, ఫ్రెట్లు. 1960లో ఫెండర్ తెచ్చిన జాజ్ బేస్‌లో మెడ నట్ దగ్గర ఒకటిన్నర అంగుళం వెడల్పు, ప్రెసిషన్‌లో ఇంకాస్త ఎక్కువ. చిన్న చేతులవాళ్లకు జాజ్ బేస్ హాయి. రెండు పికప్‌లు, రంగులు ఎక్కువ. అయినా ఒక్క పికప్, ఒక వాల్యూమ్, ఒక టోన్ ఉన్న ప్రెసిషన్ నమూనానే నేను మెచ్చుకుంటాను. తిప్పడానికి మీటలు లేకపోతే చెయ్యి చేయాల్సిన పని చెయ్యే చేస్తుంది.

దుకాణంలో వాద్యాన్ని ముందు కంటితో చదవాలి. తల దగ్గర నుంచి మెడ వెంట చూస్తే వంపు తెలుస్తుంది. తర్వాత ‘ఇ’ తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడాలి. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే చాలు. అసలే లేకపోతే మెడ వెనక్కి వంగినట్టు, ఎక్కువుంటే తీగల లాగుడుకు ముందుకు వంగినట్టు. మెడ లోపల ఉన్న ఉక్కు కడ్డీ, ట్రస్ రాడ్, దీన్ని సరిచేయడానికే. కాకినాడ తేమలో ఒకలా ఉన్న మెడ హైదరాబాద్ మే నెల ఎండకు ఇంకోలా మారుతుంది. మాపుల్ చెక్క ఎంత గట్టిదైనా చెక్కే. పావుచుట్టు కన్నా ఎక్కువ ఒక్కసారిగా తిప్పకూడదు, తిప్పాక మెడ కుదురుకోవడానికి సమయం ఇవ్వాలి.

ఆ తర్వాత ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్ వాయించండి, సిగ్గుపడకండి. ‘జి’ తీగ మీద అయిదో ఫ్రెట్ నుంచి ఏడో ఫ్రెట్ మధ్య స్వరం ఎంతసేపు నిలుస్తుందో ప్రత్యేకంగా వినాలి. ఈ రకం వాద్యాల్లో చాలావాటికి అక్కడొక మూగచోటు ఉంటుంది. ఆ స్వరానికి మెడ తానే ఊగి తీగ శక్తిని మింగేస్తుంది, స్వరం తొందరగా చచ్చిపోతుంది. ఖరీదైన వాటిలోనూ ఉంటుంది, ఎంత ఉందన్నదే తేడా. సెకండ్ హ్యాండ్ అయితే కేబుల్ పెట్టి మీటలు తిప్పి గరగర వినాలి. గరగర ఉంటే భయం లేదు, శుభ్రం చేస్తే పోతుంది. ట్రస్ రాడ్ తిరగకపోతే మాత్రం ఎంత తక్కువకిచ్చినా వద్దు. మెడను ఒంటికి నాలుగు స్క్రూలతో బిగించడం ఫెండర్ చేసిన ఇంకో మేలు. ఏ భాగం పాడైనా ఆ భాగమే మార్చుకోవచ్చు.

రికార్డింగ్ దగ్గరికొస్తే ఇంట్లో ఉన్నవాళ్లకు మోటౌన్ వాళ్లే దారి చూపారు. యాంప్లిఫయర్ ముందు మైకు పెట్టకుండా బేస్‌ను నేరుగా కన్సోల్‌లోకి కలిపేవారు వాళ్లు. మనకు ఆ పని చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ చేస్తుంది. దాని మీద ఇన్‌స్ట్రుమెంట్ అని రాసి ఉన్న మీట నొక్కడం మరవకూడదు. పికప్ నుంచి వచ్చే సంకేతం బలహీనమైనది, మైకు కోసం చేసిన ఇన్‌పుట్ దాన్ని లాగేసి పై స్వరాలు మింగేస్తుంది. గట్టిగా మీటినప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ పెట్టుకుంటే 24 బిట్లలో కావలసినంత చోటు ఉంటుంది. పైన మోత పెంచాలన్న ఆత్రం అక్కర్లేదు.

ఇంట్లో స్పీకర్లు పెట్టి బేస్ మీద తీర్పు చెప్పకండి. పది అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడిపోతుంది. ఖాళీ ‘ఎ’ తీగ 55 హెర్ట్జ్. ఆ ఒక్క స్వరం గది ఊగేలా మోగి, పక్క స్వరాలు బోసిగా వినిపిస్తాయి. వాద్యం తప్పు కాదు, చేతి తప్పూ కాదు. అందుకని హెడ్‌ఫోన్లే నమ్మకం.

వాయించాక సాఫ్ట్‌వేర్ తెర మీద ఆ తరంగాన్ని పెద్దది చేసి చూడటం నాకిష్టమైన పని. ఒక్క స్వరం మొత్తం జీవితం అక్కడ కనపడుతుంది. నిటారుగా లేచే అంచు వేలు తగిలిన క్షణం, ఆపైన కాసేపు నిండుగా సాగే పట్టీ, ఆ తర్వాత కొస. కింద డ్రమ్స్ ట్రాక్ పెట్టుకుని కొస ఎక్కడ తెగిందో చూడండి. స్నేర్ దెబ్బ పడే చోటే స్వరం తెగితే ఆ దెబ్బ పగిలినట్టు వినిపిస్తుంది, పాట ఎగిరి దూకుతుంది. స్వరం ఆ దెబ్బ మీదికి కాస్త పాకినా దెబ్బ మొద్దుబారుతుంది. డ్రమ్మర్ ఏమీ మార్చలేదు, బేస్ వేలు పైకి లేచిన క్షణమే మారింది. దీన్ని ఎడమచెయ్యి చేస్తుంది. వేలిని పూర్తిగా ఎత్తకుండా ఒత్తిడి మాత్రం వదిలితే తీగ ఫ్రెట్ నుంచి లేచి, వేలి మెత్తదనంలో ఆరిపోతుంది. అప్పుడే కుడిచెయ్యి బొటనవేలు వాడని లావు తీగ మీద పడుకుని ఉండాలి, లేకపోతే అది తానుగా మోగడం మొదలెడుతుంది.

చివరగా ఫోన్. మన పాట వినేవాళ్లలో చాలామంది వినేది దాని బుల్లి స్పీకర్లోనే. అది 41 హెర్ట్జ్ పలకదు, పలకలేదు. అయినా బేస్ వినపడుతుంది. ‘ఇ’ స్వరంలో 41తో పాటు 82, 124, 165 దగ్గర కూడా పలుకులుంటాయి. పైవి అందితే కిందిది లేకపోయినా చెవి దాన్ని తానే పూరించుకుంటుంది. అందుకే మిక్సింగ్‌లో బేస్ వినపడలేదంటే నేను అట్టడుగున పెంచను. 30 హెర్ట్జ్ కిందిది కోసేసి, 100 నుంచి 200 మధ్య భాగాన్ని చూసుకుంటాను. 700 హెర్ట్జ్ చుట్టుపక్కల తీగకు వేలు తగిలిన ముద్ర ఉంటుంది, అక్కడ రెండు డెసిబెల్స్ ఎత్తుతాను. ఫోన్లో వింటే బేస్ ఉందని తెలుస్తుంది, హెడ్‌ఫోన్లలో వింటే ఎవరి చెయ్యో తెలుస్తుంది. బ్రిడ్జి దగ్గర స్పాంజి ఉంటే ఈ సర్దుబాట్లలో సగం అవసరమే పడదు.